ఆరు జనాభా లెక్కల్లో మా తాత

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండోరోజు ఉదయం సభలో చేసిన ప్రసంగం)



కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలిచ్చారు. "మాస్టారూ, బడి జ్ఞాపకాలు నిన్నటినుంచీ అందరూ చెబుతున్నారు, మీరు ఇంకేదైనా చెప్పండి" అన్నారు. అందుకని మా తాత గురించి చెబుతాను. ఆయన ఈ బడిలో చదవలేదు. ఏ బడిలోనూ చదవలేదు. అయినా ఈ బడికీ ఆయనకీ ఒక లావాదేవీ ఉంది. దానికి తర్వాత వస్తాను.

మా తాత కంబారి. ఇప్పటి పిల్లలకి ఆ మాట తెలియకపోవచ్చు. ఏడాది జీతానికి ఒక రైతు ఇంట కుదిరి, దుక్కి నుంచి నూర్పుల దాకా, పశువులసాలలో పేడ ఎత్తడం దాకా అన్నీ చేసే మనిషి. గోదావరి అవతల పాలేరు అంటారు. ఆయన 1957లో పోయాడు. అప్పటికి నాకు మూడేళ్ళు. ఆయన ఫొటో లేదు. సెంటు భూమి లేదు కాబట్టి దస్తావేజు లేదు. అక్షరం రాదు కాబట్టి ఉత్తరం లేదు. పేరు మాత్రం తెలుసు. సింహాద్రి అప్పన్న పేరే. మన ప్రాంతంలో ఆ పేరు లేని ఇల్లుండేది కాదు, కాబట్టి పేరు తెలిసినా ఒకటే, తెలియకపోయినా ఒకటే.

రెండేళ్ళ కిందట మా అమ్మాయి దగ్గరికి ఇంగ్లండు వెళ్ళాను. వాళ్ళ వీధి చివర ఉండే ఒక రిటైరైన బస్సు డ్రైవరుతో స్నేహమైంది. ఆయన పూర్వీకులు పొలం కూలీలు. తన తాతకి ముత్తాత బతుకంతా ఒక కాగితం మీద రాసుకుని ఉంచుకున్నాడు. 1841 లెక్కల్లో ఫలానా ఇంట్లో పదేళ్ళ పిల్లవాడు. 1851లో పక్క ఊళ్ళో రైతు ఇంట పనివాడు. 1861లో పెళ్ళాం, ముగ్గురు పిల్లలు. 1891లో భార్య పోయి కూతురింట్లో ఉన్నాడు. వృత్తి గడిలో చాలాచోట్ల 'ఏజీ ల్యాబ్' అని ఉంటుంది. అగ్రికల్చరల్ లేబరర్ అని పూర్తిగా రాసే ఓపిక లేక గుమాస్తాలు అలా కుదించారు. ఊరికి వందమంది కూలీలు ఉంటే వందసార్లు రాయాలి కదా!

అక్కడ నియమం ఏమిటంటే, ఇంటింటి కాగితాలు వందేళ్ళు మూసి ఉంచుతారు, ఆ తర్వాత ఎవరైనా చూడవచ్చు. ఇంగ్లండు, వేల్సుల 1921 లెక్కలు 2022 జనవరిలో తెరిచారు. 1931వి మాత్రం ఎప్పటికీ రావు. 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. అయినా ఆ బస్సు డ్రైవరు తన కూలి తాతల్ని పదేళ్ళకో మెట్టు చొప్పున ఎక్కుతూ రెండు వందల ఏళ్ళ వెనక్కి వెళ్ళగలిగాడు. "మీ దేశంలో కూడా మావాళ్ళే లెక్కలు మొదలుపెట్టారు కదా, మీ తాతని వెతకలేదా?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకి సగం జవాబు నాకు అప్పటికే తెలుసు. 1981లోనూ, 1991లోనూ, 2001లోనూ నేను ఎన్యూమరేటరుని. ఈ హాల్లో మాస్టార్లుగా పనిచేసినవాళ్ళలో ఆ పని తప్పించుకున్నవాళ్ళు తక్కువే అనుకుంటాను. 1981లో మనిషికో స్లిప్పు రాశాం. శిక్షణలో మాకు గట్టిగా చెప్పిన మాట, రాసినది ఎవరికీ చూపించకూడదని. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ అదే చెబుతుంది. ఆ కాగితాలు తనిఖీకి ఇవ్వరు, మామూలుగా కోర్టులో సాక్ష్యంగానూ తీసుకోరు. వందేళ్ళ తర్వాత తెరుస్తామన్న వాగ్దానం అందులో లేదు. 2027 మార్చి 1 తేదీగా మళ్ళీ లెక్కలు జరుగుతున్నాయి. ఈసారి ఫోనులోనే నింపుతారట, 1931 తర్వాత అన్ని కులాలనీ లెక్కపెట్టడం ఇదే మొదలట. మీరు చెప్పే వివరాలు మాత్రం మీ మనవలకి కూడా చూపించరు. ఇది మంచిదేనని నా అభిప్రాయం. నా చేతికి స్లిప్పు ఇచ్చిన మనిషి నన్ను నమ్మి చెప్పాడు. కాకపోతే దానివల్ల కూలివాడి మనవడికి జరిగే నష్టం వేరే ఉంది.

చట్టం రాకముందు సంగతి ఇంకా తేలిక. మద్రాసు రాజధానిలో 1871 నుంచీ జనాన్ని లెక్కపెట్టారు. 1881 నుంచి దేశమంతటా ఒకే రాత్రి లెక్క. కరణమో, బడిపంతులో ముందే ఇంటి గోడమీద అంకె వేసి, షెడ్యూలు రాసుకుని, అసలు రాత్రి మళ్ళీ తిరిగి, పోయినవాళ్ళని కొట్టేసి, పుట్టినవాళ్ళని కలిపేవారు. ఆ తిరుగుడుకి వీలుగా వెన్నెల ఉండే రాత్రి చూసి పెట్టేవారు. షెడ్యూలులో ప్రతి మనిషికీ పేరు గడి ఉండేది. అంటే మా తాత పేరు, ఆయన పక్కనే నిలబడి, ఒకరు కాగితం మీద పెట్టారు. 1901 నుంచి ఆ షెడ్యూలు చూసి మనిషికో చీటీ రాసి, మతానికో రంగు కాగితం వాడి, గళ్ళపెట్టెల్లో వేసి లెక్కగట్టేవారు. లెక్కకి పేరుతో పనిలేదు. పట్టికలు అచ్చయ్యాక షెడ్యూళ్ళు నాశనం చేసేవారు. వాటిని దాచడానికి ఎన్ని గోదాములు కావాలో ఆలోచిస్తే ఆ అధికారుల్ని తిట్టబుద్ధి కాదు.

మా తాత బతికిన కాలంలో ఆరు లెక్కలు జరిగాయి. 1901, 1911, 1921, 1931, 1941, 1951. ఆరింటిలోనూ ఆయన ఉన్నాడు. ఒక్కదాంట్లోనూ ఆయన పేరు మిగల్లేదు.

అయినా అచ్చయిన సంపుటాలు చదివాను. విశాఖపట్నంలో కొన్ని, ఇంటర్నెట్‌లో కొన్ని. మీలో ఎవరైనా ఈ పనికి పూనుకుంటే ముందుగా ఒకటి గుర్తుపెట్టుకోండి. మన ఊరు కదల్లేదు గానీ జిల్లా కదిలింది. 1931 దాకా మన తాలూకా గంజాం జిల్లా కింద ఉంటుంది. 1936 ఏప్రిల్‌లో ఒరిస్సా వేరు రాష్ట్రమయ్యాక మనం విశాఖపట్నం జిల్లా. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుట్టింది. ఒక్క మనిషి కోసం మూడు జిల్లాల పుస్తకాలు తిరగెయ్యాలి.

1901 మార్చిలో ఆయనకి పదేళ్ళలోపు. పశువుల వెంట తిరిగే వయసు. 1911 నాటికి ఇరవై. ఆ లెక్కల్లో పొలం కూలీల్ని రెండు రకాలుగా విడదీశారు. ఏడాదికి కుదిరిన పనివాళ్ళు ఒకటి, రోజుకూలీలు ఇంకొకటి. మొదటిది చదివినప్పుడు "ఇదిగో కంబారి" అనుకున్నాను. కంబారి అన్న మాట లేదు గానీ ఆ మనిషిని పక్కకి తీసి లెక్కపెట్టారు. అప్పుడు అధికారిగా ఉన్న మలోనీ దొర నివేదిక చదవడానికి సరదాగా కూడా ఉంటుంది.

వయసుల సంగతి చెప్పి ముందుకి పోతాను. ప్రతి నివేదికలోనూ అధికారులు ఒకే మొర పెట్టుకున్నారు. ముప్ఫై ఒకటి, ముప్ఫై తొమ్మిది చెప్పేవాళ్ళు ఉండరు, అందరూ ముప్ఫైలు, నలభైలే. నేను 1981లో వెళ్ళినప్పుడూ అంతే. "ఒక యాభై ఏసుకో బాబూ" అనేవారు. మా మేనత్త ఆధార్ కార్డులో పుట్టిన తేదీ జనవరి 1. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళవి చూడండి, సగం మంది జనవరి 1నే పుట్టి ఉంటారు.

ఆడవాళ్ళ సంగతి ఇంకో రకం. పాత లెక్కల సూచనల్లో ఒక వాక్యం ఉంది. ఏ ఇంట్లోనైనా ఆడమనిషి పేరు చెప్పడానికి అభ్యంతరపెడితే, పేరు గడిలో 'స్త్రీ' అని రాసుకోమని. స్వాతంత్ర్యం వచ్చాక మొదటి ఎన్నికల జాబితాలో కూడా ఇదే తగువు. ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి అని తప్ప పేరు చెప్పలేదని దేశం మొత్తం మీద దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ళ ఓట్లు తీసేశారు. ఉత్తరాది రాష్ట్రాల్లోనే ఎక్కువ. మన నానమ్మలు నయం, పేరు గట్టిగానే చెప్పారు. మా నానమ్మ పేరు 1951 నాటి ఓటర్ల జాబితాలో ఉంది. పక్కన మా తాత, వయసు 60. అంటే 1891 ప్రాంతంలో పుట్టాడు. ఇంతకన్నా దగ్గరికి వెళ్ళలేం.

ఇక 1921. ఈ లెక్క దగ్గర నేను చాలా రోజులు ఆగాను. 1911 నుంచి 1921 మధ్య దేశ జనాభా పెరగకపోగా కొంచెం తగ్గింది. మన దేశంలో లెక్కలు మొదలైన దగ్గర్నుంచీ అలా తగ్గిన దశాబ్దం అదొక్కటే. కారణం అందరికీ తెలిసినదే, 1918 విషజ్వరం. కరోనా రోజుల్లో టీవీవాళ్ళు స్పానిష్ ఫ్లూ అని రోజూ చెప్పారు. కానీ మా ఇంట్లో ఆ జ్వరం గురించి ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు. మా ఇంటిమీదుగా అది పోలేదనే అనుకుంటూ పెరిగాం.

జనన మరణాల పుస్తకాలు వేరే రకం కాగితాలు. గ్రామ మునసబు రాసి తాలూకాకి పంపేవాడు. పాత రికార్డుగదిలో మన ఫిర్కావి కొన్ని ఏళ్ళవి మిగిలాయి. అక్కడ పనిచేసే అమ్మాయి నా శిష్యురాలే, దుమ్ముకి మాస్కు కట్టుకుని పక్కన కూర్చుంది. 1918 నవంబరు పేజీలు తిప్పుతుంటే వేళ్ళు ఆగిపోతాయి. మామూలు నెలలో ఊరికి ఒక వరసో, రెండు వరసలో ఉంటాయి. ఆ నెల మా ఊరికి పేజీ చాలక పక్క పేజీకి పోయింది. జబ్బు గడిలో జ్వరం, జ్వరం, జ్వరం, కింద అదే అని గీతలు.

అందులో ఒక వరస. ఆడ. వయసు రెండేళ్ళు. జ్వరం. తండ్రి పేరు గడిలో మా తాత పేరు, పక్కన ఆయన తండ్రి పేరు, మా ఇంటిపేరు. వృత్తి, కూలి. పిల్ల పేరు గడిలో 'పిల్ల' అని ఉంది.

మా తాత పేరు నేను కాగితం మీద చూడటం అదే మొదటిసారి.

మా నాన్నే పెద్దకొడుకు, తొలిచూలు అని మాకు తెలిసిన కథ. ఆయన 1926లో పుట్టాడు. అంతకు పదేళ్ళ ముందు పుట్టి పోయిన ఈ పిల్ల గురించి మా నాన్న ఎప్పుడూ అనలేదు. బహుశా ఆయనకే తెలియదు. నేను ఏళ్ళు వేసి చూశాను. 1916లో పుట్టింది, కాబట్టి 1911 లెక్కల్లో లేదు. 1918లో పోయింది, కాబట్టి 1921 లెక్కల్లో లేదు. రెండు లెక్కల మధ్య వచ్చి వెళ్ళిపోయింది. ఈ దేశం ఆ పిల్లని ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు.

మా మేనత్తకి ఇప్పుడు తొంభై అయిదు. చెవి మందం గానీ బుద్ధి చురుకు. ఇంటికెళ్ళి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే నాకో అప్ప ఉండేదేటి!" అంది. ఇంకాసేపటికి "పేరేటిరా?" అంది. పేరు రాయలేదు అత్తా అన్నాను. "పేరు నేకుండా రెండేళ్ళు ఎలా పిలిచినారో" అని గొణుక్కుంది. పోయిన పెద్దపండక్కి పెద్దలకి బట్టలు పెట్టేటప్పుడు మా తాత పంచె, నానమ్మ చీర పక్కన చిన్న గౌను ఒకటి పెట్టించింది. బజారుకెళ్ళి కొనుక్కొచ్చింది నేనే. రెండేళ్ళ పిల్లకి అని చెబితే, మనవరాలికా మాస్టారూ అని అడిగాడు కొట్టువాడు.

ఇప్పుడు 1931. ఫిబ్రవరి 26 రాత్రి మా తాత ఎక్కడున్నాడు అన్నది నా ప్రశ్న.

మా ఇంట్లో కథ ప్రకారం ఆయన రంగం వెళ్ళాడు. రంగం అంటే రంగూన్. మన జిల్లాలో రంగం వెళ్ళనివాడు లేని వీధి లేదు. కళింగపట్నంలోనో, బారువలోనో, భీమునిపట్నంలోనో స్టీమరెక్కితే అవతలి ఒడ్డు. కంబారి బాకీ తీరాలంటే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకోవాలి, ఆ అడ్వాన్సు తీరాలంటే రంగంలో బియ్యం మిల్లులోనో, రేవులోనో మూటలు మొయ్యాలి. 1931లో రంగూన్ జనాభా 4 లక్షలు, అందులో సగానికి పైగా మన దేశంవాళ్ళే. బర్మావాళ్ళు మనల్ని కోరంగీలు అనేవారు, కోరంగి రేవు పేరుమీద. 1930 మే నెలలో రేవులో మన తెలుగు కూలీలు సమ్మె చేస్తే, వాళ్ళ చోట బర్మావాళ్ళని పెట్టి, సమ్మె తీరాక వాళ్ళని పొమ్మన్నారు. దాంతో పెద్ద కొట్లాటలయ్యాయి, మనవాళ్ళు చాలామంది చచ్చిపోయారు.

ఇక్కడ కాగితాల విషయంలో మనకి ఒక దురదృష్టం ఉంది. నేటాలుకి ఒప్పందం మీద వెళ్ళినవాళ్ళ మనవలు దక్షిణాఫ్రికాలో ఉన్నారు. 1860లో మద్రాసు నుంచి వెళ్ళిన ట్రూరో ఓడ మొదలు ప్రతి ఓడకీ జాబితా ఉంది. మనిషికో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది పుట్టుమచ్చ కూడా. వాళ్ళ మనవలు ఆ కాగితం పట్టుకుని మన పల్లెలకి వస్తారు. రంగానికి అలాంటిది లేదు. బర్మా అప్పుడు మన దేశంలో ఒక రాష్ట్రమే, 1937 దాకా. డెక్కు టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళేవాడి పేరు ఎవరికి కావాలి? అటు 1941 లెక్కల కాగితాలు కూడా యుద్ధంలో చాలావరకు పోయాయి.

మా మేనత్త చెప్పేదాన్నిబట్టి, "మీ తాత రంగం ఎల్నప్పుడు నాను మాయమ్మ కడుపులో ఉన్నానట. తిరిగొచ్చినప్పుడు ఎవడో మగోడొచ్చాడని తలుపెనకాల దాక్కున్నాను, అది నాకు గేపకం." ఆమె పుట్టింది 1930 అనుకుంటే, ఆ ఏటికి ముందు వెళ్ళాడు, ఆమెకి జ్ఞాపకం ఉండే వయసుకి వచ్చాడు. ఇది నమ్మదగ్గ మాటే. కానీ మరో కాగితం దొరికితే బాగుండును అనిపించింది.

ఆ కాగితం మన బడిలో దొరికింది.

మీకందరికీ తెలుసు, ఇప్పటి హైస్కూలు కట్టకముందు ఇది బోర్డు ఎలిమెంటరీ బడి. పెంకుల షెడ్డులో, సైన్సు సామాను పక్కన, చెక్కబీరువాలో పాత అడ్మిషన్ రిజిస్టర్లు పదకొండు ఉన్నాయి. హెడ్మాస్టరుగారి అనుమతితో నాలుగు శనివారాలు కూర్చున్నాను. రెండో నంబరు రిజిస్టరు 1931 జూన్‌లో మొదలవుతుంది. అందులో 1932 జూన్ నెల, మా నాన్న పేరు. పుట్టిన తేదీ, చేరిన తరగతి, మశూచికం టీకాలు వేయించారా, అన్నీ ముచ్చటైన చేతిరాతతో. తండ్రి పేరు, మా తాత. తండ్రి వృత్తి, "కూలి, రంగూన్". సంరక్షకుల పేరు, మా నానమ్మ. దరఖాస్తు కాగితం పేజీకి దారంతో కుట్టి ఉంది. అడుగున ఆమె వేలిముద్ర.

నలుగురికి పనికొచ్చే సంగతి కనక ఇక్కడ కొంచెం నెమ్మదిగా చెబుతాను. కూలికి వెళ్ళిన మొగుడు ఊళ్ళో లేడు, చంకలో రెండేళ్ళ పిల్ల, ఆరేళ్ళ కొడుకుని పశువుల వెనక పంపకుండా ఆమె బడికి తీసుకొచ్చింది. జనాభా లెక్కల్లో ఆమె ఎలా పడి ఉంటుంది? 1931లో మనిషిని సంపాదనపరుడు, పనిచేసే ఆశ్రితుడు, పనిచెయ్యని ఆశ్రితుడు అని మూడు రకాలుగా రాశారు. ఆడవాళ్ళ పని చాలాచోట్ల రెండో రకంలోకో, మూడో రకంలోకో జారిపోయేది. నా చేతిమీదుగా 1981లో 'ఇంటిపని' అని నేను రాసిన స్లిప్పుల్లో పొద్దున్న మూడింటికి లేచి కలుపుకి పోయేవాళ్ళు ఎందరుండేవారో, ఇంటి మగవాడు "మా ఆడోళ్ళు పన్లోకి ఎల్రు" అని చెబుతుంటే, లోపల్నుంచి ఆమె నవ్వు వినబడేది.

మా నాన్న పేరు 1934లో కొట్టేశారు. కారణం గడిలో "గైరుహాజరు". 1936 జూన్‌లో మళ్ళీ చేర్చుకున్నారు, కొత్త నంబరుతో. ఈసారి తండ్రి వృత్తి గడిలో "కూలి" అని మాత్రమే ఉంది. రంగూన్ లేదు. సంరక్షకుల గడిలో మా తాత పేరు. కుట్టిన కాగితం మీద వేలిముద్ర మారింది. మొదటిదానికంటే వెడల్పుగా ఉంది. బొటనవేలు మధ్యలో అడ్డంగా తెల్లటి గీత. అది కొడవలి గాటో, మిల్లులో తెగిందో. ఆయన ఒంటి తాలూకు ఆనవాలు ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు.

కాబట్టి 1931 ఫిబ్రవరి రాత్రి ఆయన రంగూన్‌లో లెక్కకి వచ్చాడు. 1936 జూన్‌కి ముందు తిరిగొచ్చాడు. రంగూన్‌నుంచి 1942లో జనం నడిచొచ్చిన రోజులకి ఆరేళ్ళ ముందే ఆయన మన ఊళ్ళో ఉన్నాడు. ఆ నడకలో పోయినవాళ్ళ గురించి తెలిసినవాళ్ళకి, ఈ తేదీ మా కుటుంబానికి ఎంతటిదో వేరే చెప్పక్కర్లేదు.

మిగతా రెండు లెక్కలు త్వరగా చెబుతాను. 1941లో యుద్ధం మూలంగా పట్టికలు వెయ్యడమే చాలావరకు మానేశారు. అంటే మా తాతని అడిగి రాసుకుని, కూడకుండా పక్కన పెట్టారు. 1951లో మాత్రం మన జిల్లాకి ఒక హ్యాండ్‌బుక్ వేశారు, ఊరూరికీ ఒక వరస. జనాన్ని బతుకుతెరువునిబట్టి ఎనిమిది తరగతులు చేశారు. సొంత భూమి సాగుచేసేవాళ్ళు ఒకటి, పరాయి భూమి సాగుచేసేవాళ్ళు రెండు, సాగు కూలీలూ వాళ్ళమీద ఆధారపడినవాళ్ళూ మూడు. మా ఊరి వరసలో మూడో తరగతి కింద ఒక మూడంకెల సంఖ్య ఉంది. అందులో ఒకటి మా తాత, ఒకటి మా నానమ్మ. పెన్సిలుతో దానికింద గీత గీశాను. లైబ్రరీ పుస్తకం, గియ్యకూడదు. గీశాను.

భూమి రికార్డుల గురించి అడుగుతారు కాబట్టి ఒక్కమాట. మాది జమీందారీ ఊరు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే చేసి అడంగల్ రాశారు. అందులో మా తాత దున్నిన ప్రతి చెక్కకీ నంబరుంది. ఆయన లేడు. ఆయన గుడిసె ఉన్న చోటు గ్రామకంఠం. దానికి అప్పట్లో మనిషి పేరున కాగితమే ఉండేది కాదు.

ఇప్పుడు కార్యదర్శిగారు వాచీ చూస్తున్నారు గనక అసలు విషయానికి వస్తాను. స్వర్ణోత్సవం సందర్భంగా మన సంఘం చేసిన తీర్మానాల్లో పెంకుల షెడ్డు పడగొట్టి అక్కడ బహిరంగ వేదిక కట్టడం ఒకటి. ఆ వేదికకి నేనూ చందా ఇచ్చాను, నాకు అభ్యంతరం లేదు. కానీ షెడ్డులో సామాను జాబితాలో "పాత పుస్తకాలు, పనికిరానివి" అని ఒక పద్దు ఉంది. ఆ పద్దులో ఈ పదకొండు రిజిస్టర్లున్నాయి. నేను మొన్న లెక్కపెట్టాను. మూడింటికి చెద పట్టింది. ఒకదానికి వాన తగిలి పేజీలు అతుక్కున్నాయి, బలవంతంగా విప్పకండి, వాటిని అలాగే బట్టలో చుట్టి ఉంచండి.

ఈ రిజిస్టర్లలో కరణంగారి అబ్బాయి ఉన్నాడు, షావుకారుగారి అబ్బాయి ఉన్నాడు. వాళ్ళకి దస్తావేజులున్నాయి, తాళపత్రాలున్నాయి, ఫొటోలున్నాయి. మనలో సగంమంది తాతలకి ఇదొక్కటే ఉంది. తండ్రి వృత్తి గడులు చదువుకుంటూ పోతే కూలి, కూలి, కంబారి, చేనేత, కూలి, రంగూన్, కూలి. ఒకచోట "తండ్రి లేడు, తల్లి కూలి".

బ్యాచికి ఇద్దరు చొప్పున కుర్రాళ్ళని ఇవ్వండి. ఫోనుతోనే పేజీ పేజీ ఫొటో తియ్యవచ్చు, వెలుతురు పక్కనుంచి పడేలా చూసుకోవాలి, ఫ్లాష్ వెయ్యకూడదు. కుట్టిన దరఖాస్తులు విడదీయకుండా రెండు పక్కలా తియ్యాలి. ఒకటి గట్టిగా చెబుతున్నాను, వీటిలో కులం గడి ఉంది, వేలిముద్రలున్నాయి. వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఎవరి తాతది వాళ్ళు అడిగితే, హెడ్మాస్టరుగారి ఎదుట, ఆ ఒక్క వరస చూపించండి. అసలు పుస్తకాలు బడి ఆస్తి, బడిలోనే ఇనపబీరువాలో ఉండాలి. ఆ బీరువా ఖర్చు మా 1970 బ్యాచి పెట్టుకుంటుంది, రాత్రి మాట్లాడుకున్నాం.

షెడ్డు పని వచ్చే నెల పదో తారీకున మొదలవుతుందట. మధ్యలో నాలుగు ఆదివారాలున్నాయి. నేను పొద్దున్న ఎనిమిదింటికి వచ్చి తాళం తీయిస్తాను. మూడు, ఏడు, ఎనిమిది నంబర్లకి చెద ఎక్కువగా ఉంది, ముందు వాటిని తీద్దాం.